వీసా మీద ఉండి, మేకల ఫామ్‌లో కయోటీల కోసం రాత్రి కాపలా కాశాను: నా అనుభవం

హెచ్-1బి మీద ఉన్నవాడికి తుపాకీ ఎవడు అమ్ముతాడు, రాత్రిపూట మాంసం ఎర పెట్టి కూర్చోవడం అసలు లీగలేనా, ఏదైనా తేడా జరిగితే గ్రీన్ కార్డు గతేంటి... ఫిబ్రవరి నుంచి ఫ్రెండ్స్ దగ్గర ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నాను. ఇది న్యూయార్క్ రాష్ట్రం సంగతి, ఆల్బనీకి పడమర ఉన్న స్కోహేరీ కౌంటీలో జరిగింది. మీ రాష్ట్రంలో రూల్స్ వేరే ఉంటాయి, నా మాట పట్టుకుని బయల్దేరకండి.

దీనికంతటికీ మూలం మేక మాంసం. మేం నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిసి దసరాకి, సంక్రాంతికి ఒక ఫామ్ నుంచి మేకను తెచ్చుకుని పంచుకుంటాం. ఆ ఫామ్ పెద్దాయనకి డెబ్బై దాటాయి. 2024 ఏప్రిల్లో వెళ్ళినప్పుడు ఆయన మొహం బాలేదు. ఈనిన మేకల పిల్లల్ని మూడు వారాల్లో తొమ్మిదింటిని కయోటీలు (తోడేలు కంటే చిన్నవి, కుక్కలాంటి అడవి జంతువులు) ఎత్తుకుపోయాయట. కాపలాకి ఉన్న గ్రేట్ పిరెనీస్ కుక్క ముసలిదైపోయింది, వెనక కాళ్ళు లాగుతోంది. కంచె పెంచాడు, లైట్లు పెట్టాడు, రేడియో పెట్టాడు, వారం రోజులు భయపడి మళ్ళీ వచ్చాయి. "రాత్రిళ్ళు కూర్చునే ఓపిక నాకు లేదు, నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. నేను కూర్చుంటానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చిన్నప్పుడు కడప జిల్లాలో మా వేరుశనగ చేలో నాన్నతో మంచె మీద పడుకుని, పందులొస్తే డబ్బా కొట్టి తరిమిన రాత్రులు ఏవో గుర్తొచ్చి ఉంటాయి.

ఇంట్లో మా ఆవిడ మొదట నవ్వింది. సీరియస్‌గానే అంటున్నానని తెలిశాక రెండు రోజులు మాట్లాడలేదు. "పదకొండేళ్ళ నుంచి గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఉన్నాం, ఇప్పుడు తుపాకీ పట్టుకుంటావా?" అంది. అందులో తప్పేం లేదు, అందుకే ముందు లాయర్ దగ్గరికి వెళ్ళాను. అరగంటకి 200 డాలర్లు తీసుకున్నాడు. మొత్తం ఖర్చులో సార్థకమైంది ఇదే అనుకుంటాను.

ఆయన చెప్పింది ఇదీ. హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్, అదీ గడువు తీరకుండా చేతిలో ఉండాలి. వేగాస్ వెళ్ళినప్పుడు రేంజిలో సరదాగా నాలుగు రౌండ్లు కాల్చి ఫోటోలు పెడతారు చూడండి మనవాళ్ళు, ఆ సరదా కూడా లైసెన్స్ లేకపోతే ఈ చట్టం కిందికే వస్తుంది. ఈ మాట విన్నాక నాకు తెలిసిన ఇద్దరు ఆ ఫోటోలు తీసేశారు. లాయర్ ఇంకో మాట కూడా అన్నాడు: లైసెన్స్ గడువు తీరిన రోజు నుంచి ఇంట్లో ఉన్న తుపాకీ కూడా సమస్యే.

లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చేయొచ్చు, క్లాసుకి వెళ్తే ఉచితం. నేను క్లాసే ఎంచుకున్నాను. జులైలో చూస్తే దగ్గర్లో ఉన్నవన్నీ నిండిపోయాయి, సెప్టెంబర్ 14 శనివారానికి ఒక ఫైర్ స్టేషన్‌లో సీటు దొరికింది. ముందే ఇంటి దగ్గర హోంవర్క్ పూర్తిచేసి ఆ కాగితం పట్టుకెళ్ళాలి, లేకపోతే లోపలికి రానివ్వరు. వెళ్ళి చూస్తే హాలు నిండా పిల్లలు! న్యూయార్క్‌లో పదకొండేళ్ళ నుంచే ఈ కోర్సు చేయొచ్చు కాబట్టి నాన్నల పక్కన ఆరో క్లాసు, ఏడో క్లాసు పిల్లలు కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళ వయసులో ఒంటరిగా కూర్చున్నవాణ్ణి నేనే. నా పక్క పిల్లాడు సమాధానాలు నాకంటే ముందు చెప్పేస్తున్నాడు. డమ్మీ తుపాకీతో కంచె ఎలా దాటాలి, ఎవరి చేతికి ఎలా అందించాలి, లక్ష్యం వెనకాల ఏముందో ఎలా చూడాలి, ఇవన్నీ నిజంగానే బాగా నేర్పించారు. సాయంత్రం పరీక్ష రాసి పాసయ్యాను. సోమవారం ఆన్‌లైన్‌లో 22 డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకున్నాను. దానితోనే నక్కల్నీ, కయోటీల్నీ వేటాడొచ్చు.

తుపాకీ కొనడం మాత్రం అంత సులువుగా కాలేదు. మొదట వెళ్ళిన షాపులో కౌంటర్ వెనక మనిషి నా పాస్‌పోర్ట్ చూసి "మేం వీసా వాళ్ళకి అమ్మం" అన్నాడు. చట్టం ఒప్పుకుంటుందని లైసెన్స్ చూపించాను, దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94 చూపించాను, వినలేదు. అమ్మాలని బలవంతం లేదు కదా వాళ్ళకి, వచ్చేశాను. కార్లో కూర్చుని కాసేపు స్టార్ట్ చేయలేదు. అవమానం అనిపించింది, అబద్ధం ఎందుకు. రెండో షాపు చిన్నది, ముసలావిడ నడుపుతోంది. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో నాన్-ఇమిగ్రెంట్ ప్రశ్న ఎక్కడుందో, దానికింద మినహాయింపు ఎక్కడ రాయాలో ఆవిడే వేలు పెట్టి చూపించింది. 223 క్యాలిబర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే పేల్చిన ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది, తీసుకున్నాను. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనాలంటే ఈ రాష్ట్రంలో 2022 సెప్టెంబర్ నుంచి వేరే లైసెన్స్ కావాలి, నాకు దాని అవసరమూ లేదు. అక్టోబర్ 12న బ్యాక్‌గ్రౌండ్ చెక్ పెట్టారు. 2023 సెప్టెంబర్ నుంచి ఆ చెక్ స్టేట్ పోలీసులే చేస్తున్నారు, 9 డాలర్ల ఫీజు. అమెరికన్లకి నిమిషాల్లో వచ్చేస్తుందట. నాకు "డిలే" అని వచ్చింది.

డిలే అంటే తిరస్కరించారని కాదు, ఇంకా చూస్తున్నారని. న్యూయార్క్‌లో ఇది 30 రోజుల దాకా సాగొచ్చు. ఆ మూడు వారాలు నేను పడ్డ టెన్షన్ చెప్పలేను. ఏ పాత అడ్రస్ తేడా కొట్టిందో, పేరులో ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవా, ఎక్కడో నా మీద ఏదైనా రాసిపెట్టారా, అది రేపు వీసా స్టాంపింగ్‌లో బయటపడుతుందా... రాత్రి రెండింటికి లేచి ఇవే ఆలోచనలు. మా ఆవిడ "చెప్పానా" అనలేదు, కానీ ఆ మాట ఇంట్లో తిరుగుతూనే ఉంది. నవంబర్ మొదటి వారంలో షాపావిడ ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమంది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు.

తూటాలకి కూడా ప్రతిసారీ చెక్ ఉంది, రెండున్నర డాలర్లు. నేను సీసం కాకుండా రాగి తూటాలు తీసుకున్నాను, ఇరవై ఉన్న పెట్టె 40 డాలర్ల దాకా పడింది. ఖరీదెక్కువే. కారణం తర్వాత చెప్తాను. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి తాళం వేసే ఇనుప పెట్టె తప్పనిసరి, అదో 300. కార్లో తీసుకెళ్ళేటప్పుడు లోడ్ చేసి ఉండకూడదు.

డిసెంబర్ అంతా జింకల సీజన్ హడావిడి, ఆ అడవుల్లో జనం తిరుగుతూనే ఉంటారు. "వాళ్ళంతా ఇళ్ళకి పోయాక మొదలుపెడదాం" అన్నాడు పెద్దాయన. ఈలోగా రైఫిల్ జీరో చేసుకున్నాం, అంటే గురి సరిచేసుకున్నాం. వాళ్ళ అల్లుడి దగ్గర థర్మల్ స్కోప్ ఉంది, రెండున్నర వేల డాలర్లది, సీజన్‌కి వాడుకోమని ఇచ్చాడు. థర్మల్‌లో కాగితం మీద గీసిన టార్గెట్ కనిపించదు, వేడి ఉన్నదే కనిపిస్తుంది. అందుకని అట్టపెట్టెకి చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ ప్యాకెట్ ఒకటి టేపుతో అంటించి దాన్ని కాల్చాం. తెల్లటి చుక్కలా భలే కనిపించింది.

ఎర గురించి చాలామంది అడిగారు. మాంసం పెట్టొచ్చా అని ముందే పర్యావరణ శాఖకి ఫోన్ చేసి అడిగాం, పెట్టొచ్చన్నారు. జింకలొచ్చే మొక్కజొన్న, ఉప్పు లాంటివి మాత్రం వేయకూడదు. పక్క ఊరి మాంసం కొట్టువాడు ఎద్దు కొవ్వు, పంది ఎముకలు, తీసేసిన ముక్కలు ఉచితంగా ఇచ్చాడు. మేక మాంసం మాత్రం ఒక్క ముక్క కూడా వద్దన్నాడు పెద్దాయన, దాని రుచి వాటికి మనమే మప్పకూడదని. ఆ ముక్కల్ని ఐదు గ్యాలన్ల బకెట్లలో వేసి, నీళ్ళు పోసి, రాత్రంతా బయట పెడితే తెల్లారేసరికి రాయిలా గడ్డకడతాయి. బకెట్ మీద వేణ్ణీళ్ళు పోసి తిరగేస్తే గడ్డ జారి బయటికొస్తుంది. ఇంత తతంగం ఎందుకంటే, విడి ముక్కలు పెడితే నోట కరుచుకుని చీకట్లోకి పోతాయి. ఐసు గడ్డ అయితే అక్కడే నిలబడి కొరుక్కోవాలి. ఆ నిలబడే రెండు మూడు నిమిషాల కోసమే ఇదంతా.

జనవరి 4న, కొట్టానికి దూరంగా, వాగు అవతల గడ్డి మైదానం అంచున రెండు గడ్డలు పెట్టాం. ఇళ్ళకి 500 అడుగుల లోపు కాల్చకూడదు కాబట్టి అది కొలుచుకున్నాం, ఎర వెనకాల కొండవాలు ఉండేలా చూసుకున్నాం. ఫోన్‌కి ఫోటోలు పంపే కెమెరా ఒకటి చెట్టుకి కట్టాం, నెలకి 10 డాలర్లు. ఆఫీసు మీటింగుల్లో ఉండగా ఫోన్ కంపిస్తే కోడ్ రివ్యూ వదిలేసి కాకుల్ని చూసుకునేవాణ్ణి. మర్నాడే కాకులొచ్చాయి. తర్వాత బట్టతల గద్ద, అదే బాల్డ్ ఈగిల్, రెండు రోజులు వరసగా పగలంతా అక్కడే. రాగి తూటాలు ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సీసం తూటా తగిలిన కళేబరం తింటే ఆ పొడి ముక్కలతో గద్దలు చచ్చిపోతాయి. ఇక్కడి కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ఈశాన్య రాష్ట్రాల్లో ఈ గద్దల సంఖ్య పెరగాల్సినంత పెరగకపోవడానికి సీసం ఒక కారణమని తేల్చారు.

ఐదో రాత్రి ఎర్ర నక్క వచ్చింది. సంక్రాంతి వెళ్ళిన రెండు రోజులకి, తెల్లవారుజామున మూడింటికి, ఫోటో అంచున రెండు జతల కళ్ళు. ఎర దగ్గరికి రాలేదు. మర్నాడు వచ్చాయి.

జనవరి 18 శనివారం మొదటిసారి కూర్చున్నాను. చెరువుల మీద ఐసుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్ళు వాడే చిన్న చెక్క గుడిసె ఒకటి పెద్దాయన ట్రాక్టర్‌తో లాక్కొచ్చి ఎరకి నూరు గజాల దూరంలో పెట్టాడు. లోపలికి అడుగుపెట్టగానే నన్ను వాసన చూసి "నీ కోటు భోజనం వాసన వస్తోంది" అన్నాడు. పోపు వాసన! మా ఇంటి వాకిట్లో తగిలించిన కోటు అది, పదేళ్ళ ఇంగువ అందులో ఉంది. ఆ రాత్రికి కోటు మార్చి, నాది మేకల కొట్టంలో వేలాడదీశాడు. తర్వాత నుంచి నా వేట బట్టలన్నీ అక్కడే ఉండేవి. మా ఆవిడకి సంతోషమే.

గాలి మన వైపు నుంచి ఎర వైపు వీస్తుంటే కూర్చోవడం దండగ. కయోటీ నేరుగా ఎర మీదికి రాదు, గాలివాలులోకి చుట్టు తిరిగి వాసన చూసుకుని మరీ వస్తుంది. అందుకని శుక్ర, శనివారాలు గాలి చూసుకుని, సరిగ్గా ఉంటేనే నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్ళేవాణ్ణి. సగం వారాంతాలు గాలి కుదరక ఇంట్లోనే గడిచిపోయాయి.

చలి గురించి ఎంత చెప్పినా తక్కువే. జనవరి 20 తర్వాత వచ్చిన చలిగాలుల్లో మైనస్ 18 దాకా పడిపోయింది. రెండు జతల సాక్సులు వేసుకుంటే బూటు బిగుసుకుపోయి వేళ్ళు ఇంకా మొద్దుబారిపోయాయి, ఒక జత వేసి ఒక సైజు పెద్ద బూటు తీసుకోవాలి. ఫోన్ బ్యాటరీ అరగంటలో చచ్చిపోయేది, లోపలి జేబులో వార్మర్ పక్కన పెడితే కాస్త నయం. కళ్ళద్దాలకి ఆవిరి పట్టి స్కోప్‌లో ఏమీ కనబడేది కాదు, చివరికి కాంటాక్ట్ లెన్సులకి మారాను. చిన్న ప్రొపేన్ హీటర్ పెట్టుకుంటే కిటికీ కాస్త తెరిచే ఉంచాలి, లేకపోతే దాన్నుంచి వచ్చే విషవాయువే చంపుతుంది. ఒంటికి వెళ్ళడానికి బయటికి వెళ్తే మంచు కరకరలాడి ఆ రాత్రి పని అయిపోయినట్టే, కాబట్టి సీసా. శివరాత్రి జాగారంలో కనీసం పక్కన నలుగురుంటారు, మధ్యలో సినిమా ఉంటుంది.

అయినా విసుగు పుట్టలేదు, అదే ఆశ్చర్యం. థర్మల్‌లోంచి చూస్తే ఖాళీగా కనిపించే మైదానం ఖాళీ కాదు. మంచు కింద నుంచి పైకొచ్చే ఎలుకలు చుక్కల్లా, కుందేళ్ళు, అంచున నిలబడ్డ జింకలు, చెట్టు మీద గుడ్లగూబ. నక్క రోజూ ఎనిమిదికల్లా హాజరు. నక్కల వేట సీజన్ ఫిబ్రవరి 15 దాకా ఉంది, కాల్చే హక్కు ఉంది, ఎన్నోసార్లు గురిలో నిలబడింది. పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: "దాన్ని ఉండనీ, అదే నీ బెల్లు." కయోటీకి నక్క అంటే పడదు, దొరికితే చంపేస్తుంది. అందుకే నక్క తింటూ తింటూ తలెత్తి, ఒకవైపు చూసి, ఉన్నట్టుండి మాయమైందంటే అటువైపు నుంచి ఏదో వస్తోందని లెక్క. పైగా నక్క మీద ఒక్క తూటా పేలిస్తే ఆ కొండంతా వినబడుతుంది, ఆ వారం ఇంక కయోటీ రాదు. దాని తోలుకి ఇప్పుడు గిరాకీ కూడా పెద్దగా లేదు.

అన్నిటికంటే భయపెట్టింది ఇంకోటి. థర్మల్‌లో రంగు ఉండదు, తెల్లటి ఆకారం తప్ప. ఒక రాత్రి వాగు వైపు నుంచి పెద్ద కుక్క ఆకారం తిన్నగా ఎర మీదికి వచ్చింది. గుండె గొంతులో ఉంది. సేఫ్టీ మీద వేలు పెట్టాను కూడా. నడక మాత్రం తేడాగా అనిపించింది, తోక పైకెత్తి, ఏ భయం లేకుండా, చుట్టూ చూసుకోకుండా వస్తోంది. కయోటీ తోక కిందికి ఉంటుంది, నాలుగు అడుగులేసి ఆగుతుంది. పక్క ఫామ్ వాళ్ళ కుక్క అది. ఆ తర్వాత కూర్చునే ప్రతి రాత్రికీ ముందు చుట్టుపక్కల ఇళ్ళకి మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాం, మా పిరెనీస్‌ని కొట్టంలో కట్టేసేవాళ్ళం. 2021 డిసెంబర్‌లో పక్క కౌంటీలోనే, కూపర్స్‌టౌన్ దగ్గర, ఒకాయన కయోటీ అనుకుని కొట్టిన జంతువు 85 పౌండ్లు తూగింది. డీఎన్ఏ చూస్తే అది అసలు తోడేలు. తోడేలు ఇక్కడ రక్షిత జంతువు. ఈ కథ పెద్దాయన నాకు గుడిసెలో గుసగుసగా కనీసం మూడుసార్లు చెప్పాడు.

జనవరి చివర నుంచి వాటి జోడు కట్టే కాలం, అరుపులు ఎక్కువయ్యాయి. ఫిబ్రవరి 7 శుక్రవారం, గాలి పడమర నుంచి, చంద్రుడు ఇంకా నిండలేదు. పెద్దాయన పదింటికే నిద్రకి వెళ్ళిపోయాడు. పదకొండున్నరకి నక్క తలెత్తింది, కుడివైపు చూసింది, లేదు. నేను శ్వాస పీల్చడం కూడా మానేశాను. రెండు ఆకారాలు చెట్ల అంచున చాలాసేపు కదల్లేదు. ముందుది గాలివాలుకి తిరిగి, ఆగి, తిరిగి, ఆగి, చివరికి ఎర దగ్గరికి వచ్చి పక్కకి నిలబడి ఐసు కొరకడం మొదలుపెట్టింది. తోక చూశాను. వెనక కొండవాలు చూశాను. మళ్ళీ తోక చూశాను. పేల్చాను.

అక్కడికక్కడే పడిపోయింది. రెండోది ఎటు పోయిందో చూడలేదు. చేతులు వణకడం అప్పుడు మొదలైంది, అంతవరకూ లేదు. క్లాసులో చెప్పినట్టు బోల్ట్ తీసి, ఇంకో తూటా ఎక్కించి, అలాగే కాసేపు గురిపెట్టి చూడాలి. ఆ కాసేపట్లో స్కోప్‌లో ఆ తెల్లటి ఆకారం మెల్లగా మసకబారడం కనిపిస్తుంది, వేడి పోతుంటే. ఇది నాకెవరూ ముందే చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

పెద్దాయన శబ్దానికి లేచి బండి మీద వచ్చాడు. మగది, మేకల్ని తూచే కాటాకి వేలాడదీస్తే 41 పౌండ్లు. దగ్గర నుంచి చూస్తే మా ఊళ్ళో వీధి చివర పడుకునే కుక్కలాగే ఉంది, బొచ్చే ఎక్కువ. ఆయన నా భుజం తట్టి "మంచి పని చేశావ్" అన్నాడు, నేను సరే అన్నాను. చల్లబడ్డ కొద్దీ ఒంటి మీద ఉన్న పురుగులు మన మీదికి పాకుతాయి కాబట్టి చేతికి గ్లోవ్స్ వేసుకోండి, గోనె మీద పెట్టండి, కారు సీటు మీద కాదు. మేం అక్కడ ఉండగానే కొండ మీద రెండోది అరవడం మొదలుపెట్టింది. నేను కారెక్కేదాకా అరుస్తూనే ఉంది. దారి పొడవునా పాటలు పెట్టుకుందామనిపించలేదు.

మర్నాడు అమ్మకి ఫోన్లో చెప్పాను. "నోరులేని జీవం కదరా నాన్నా" అంది. మేకపిల్లల సంగతి చెప్తే, "అవీ నోరులేనివే, వాటినేమో నువ్వు పండక్కి కోయిస్తావు" అంది. ఏం మాట్లాడను? నాన్న మాత్రం ఎన్ని గజాల దూరం అని అడిగాడు.

దీనివల్ల ఫామ్‌కి లాభమా అంటే, నాకూ అనుమానాలున్నాయి. కయోటీల్ని చంపినకొద్దీ మిగిలినవి ఎక్కువ పిల్లల్ని పెడతాయని, ఖాళీ అయిన చోటికి వేరేవి వస్తాయని చెప్పే పరిశోధకులు చాలామంది ఉన్నారు, పెద్దాయన కూడా కాదనడు. "నాకు అన్నిటితో గొడవ లేదు, నా కొట్టానికి దారి తెలిసిన జంటతోనే" అంటాడు. ఎక్కువ కయోటీల్ని చంపినవాడికి బహుమతి అని పెట్టే పోటీల్ని న్యూయార్క్‌లో 2024 నవంబర్ 1 నుంచి నిషేధించారు. ఆ వార్త విని ఆయనే "మంచిదే అయింది" అన్నాడు. 2025 మార్చిలో మేకలు ఈనినప్పుడు రెండు పిల్లలే పోయాయి. ఆ గొప్ప నా తూటాదని నేననను, శీతాకాలంలోనే ఆయన కొత్త కుక్కని కూడా తెచ్చుకున్నాడు, అది రాత్రంతా మొరుగుతూనే ఉంటుంది.

నేను ఆ తర్వాత కూడా కొన్ని రాత్రులు కూర్చున్నాను, ఏమీ రాలేదు, వచ్చిన ఒకటి వాసన పట్టి వెళ్ళిపోయింది. మార్చి మొదట్లోనే ఎర తీసేశాం, ఎలుగుబంట్లు నిద్ర లేచే టైముకి అక్కడ మాంసం ఉండకూడదు. కరిగిన గడ్డల కంపు సంగతి రాయను. కయోటీల సీజన్ మార్చి 30న, సరిగ్గా ఉగాది రోజు ముగిసింది. ఆ రోజు కూడా మేం ఫామ్‌కి వెళ్ళాం, మేక కోసం.

ఖర్చు చెప్పమన్నవాళ్ళకి: లాయర్ 200, లైసెన్స్ 22, రైఫిల్ 560, ఇనుప పెట్టె 300, తూటాలు, చెక్ ఫీజులు కలిపి వంద పైన, బట్టలు, బూట్లు దగ్గర దగ్గర 400, కెమెరా నెలవారీ డబ్బు, పెట్రోలు. థర్మల్ అరువు దొరకబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకో రెండున్నర వేలు. కయోటీ తోలు శుభ్రం చేసి పదును చేయడానికి పంపాను, ఎప్పుడొస్తుందో తెలీదు, కొన్ని నెలలు పడుతుందన్నారు. వచ్చినా మా ఇంట్లోకి రానివ్వనని మా ఆవిడ ముందే చెప్పేసింది, కాబట్టి పెద్దాయన గోడ మీదికే.

వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి రాసి పెట్టుకోండి. ఇక్కడి హంటింగ్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. కొత్తవి ఆగస్టులోనే అమ్మడం మొదలుపెడతారు. నేను ఫోన్లో ఆగస్టు 15కి ఒకటి, 25కి ఒకటి అలారం పెట్టుకున్నాను, మా ఆవిడ తన ఫోన్లో ఇంకోటి పెట్టుకుంది.